బొమ్మని పడేసిన చెయ్యి

ఆ బొమ్మని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. సౌదీలో హుఫూఫ్ ఊరి చివర మేము కడుతున్న బ్యాంకు భవనం గేటు దాటగానే, హెల్మెట్లు తగిలించే కొక్కేల పక్కన, మనిషంత ఎత్తు బ్యానర్ ఒకటి వేలాడదీశారు. దాని మీద గుండ్రటి ఎర్ర బొమ్మ. జపాన్ వాళ్ళ బొమ్మ అది. కాళ్ళుండవు, చేతులుండవు, అడుగున బరువుంటుంది, ఎటు తోసినా ఊగి మళ్ళీ లేచి కూర్చుంటుంది. దాని కింద సైటులో వినపడే భాషలన్నింటిలోనూ "పడినా లేవాలి" అని రాయించారు. మావాళ్ళ కోసం తెలుగులో కూడా.

పడినా లేవాలట. పడేసింది ఎవరో మాత్రం అన్ని భాషల్లో ఒక్కదానిలోనూ లేదు.

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ అందరూ అనేవాళ్ళు. మా ఆవిడైతే తెనాలి నుంచి ఫోన్ చేసి, నేను హలో అన్న తీరు వినగానే "ఇవాళ ఎవరి మీద?" అని అడుగుతుంది. ఆ ఏడాది చాలాసార్లు "బొమ్మ మీద" అని చెప్పాను. నాకు ఎండదెబ్బ తగిలిందని అనుకుంది పాపం.

నేను క్వాలిటీ ఇంజనీరుని. కాంక్రీటు పోసేముందు కింద కట్టిన స్టీలు సరిగా ఉందా లేదా చూసి, సరిగా ఉంటే పొయ్యమని చెప్పడం నా పని. స్టీలు కట్టేవాళ్ళలో ఎక్కువమంది జగిత్యాల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు వాళ్ళు. పదేళ్ళుగా, పదిహేనేళ్ళుగా గల్ఫులో ఉన్నవాళ్ళూ ఉన్నారు, నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళూ ఉన్నారు. పొద్దున్నే పని మొదలయ్యేముందు అందర్నీ ఎండలో నిలబెట్టి జాగ్రత్తలు చెప్పే అలవాటు మా సైట్లలో ఉంది. టూల్‌బాక్స్ టాక్ అంటారు. మేనేజరు ఇంగ్లీషులో మాట్లాడతాడు, తర్వాత గుంపులుగా విడిపోతే ఎవరి భాషలో వాళ్ళకి ఒకరు చెప్పాలి. హిందీ, ఉర్దూ వాళ్ళకి పాకిస్తాన్ ఫోర్‌మన్ చెప్పేవాడు. తెలుగు గుంపుకి నేను.

ఆ బొమ్మ మా సైటుకి రావడానికి కారణమైన మనిషి మాత్రం చాలా మంచివాడు. భవనం బయట అంటించే రాయి పరీక్ష చేయడానికి దమ్మాం నుంచి వారానికోసారి వచ్చే జపాన్ ఇంజనీరు. డెబ్భై దాటి ఉంటాయి. రాతి పలకని వేలి కణుపుతో తట్టి చెవి దగ్గరపెట్టి వినేవాడు. ఒకరోజు లారీడు రాయిని పనికిరాదని తిప్పి పంపేశాడు. మేనేజరు కేకలు వేశాడు. ఈయన నీడలోకి వచ్చి కూర్చుని, నా ఫ్లాస్కులో టీ తాగి, "మా దేశంలో పెద్ద బ్యాంకు కట్టేటప్పుడు కూడా రాయితో ఇదే గొడవ" అన్నాడు.

అలా మొదలైంది ఆ కథ. యుద్ధానికి ముందు రోజుల్లో జపాన్ దేశపు పెద్ద బ్యాంకుని, అంటే మనకి రిజర్వు బ్యాంకు ఎలాగో అలాంటి బ్యాంకుని, నడిపిన ఒక పెద్దమనిషి కథ. ఆయన అందులోకి లెక్కలు రాసేవాడిగా రాలేదట. ఎక్కడో దూరదేశంలో వెండి గని అని నమ్మి వెళ్ళి, అది ఖాళీ గని అని తేలి, ఇల్లు అమ్ముకుని రోడ్డున పడ్డాక, ఎవరో దయతలిచి ఆ బ్యాంకులో కట్టుబడి పని చూసుకోమన్నారట. ఇటుకలు, రాయి, మేస్త్రీలు, గుత్తేదార్లతో గొడవలు. తర్వాత చాలా ఏళ్ళకి అదే బ్యాంకుకి అధిపతి అయ్యాడు. "మనలాంటివాడే. ముందు కట్టాడు, ఆ తర్వాత లోపలికెళ్ళి కూర్చున్నాడు" అని ఆ పెద్దాయన నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

వారం వారం కాస్త కాస్త చెప్పాడు. గుండ్రటి మొహం వల్ల ఆ బ్యాంకు పెద్దని జనం ఆ పడిలేచే బొమ్మ పేరుతోనే పిలిచేవారట. ఎన్నిసార్లు పడ్డాడో అన్నిసార్లు లేచాడు కాబట్టి కూడానట. పుట్టగానే ఒక మామూలు సిపాయి ఇంటికి పెంపకానికి ఇచ్చేశారు. పదమూడు, పద్నాలుగేళ్ళప్పుడు చదువుకోమని ఓడెక్కించి అమెరికా పంపారు. తీరా వెళితే అక్కడ చదువు లేదు, ఇంటి చాకిరీ. ఇంకో ఇంటికి వెళితే చదువుకోవచ్చన్నారు. కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టాడు. తనని మూడేళ్ళకి అమ్మేసిన కాగితం అదని తర్వాతెప్పుడో తెలిసింది.

"తర్వాత?" అని అడిగాను. నాకు అప్పటికే చెవులు వేడెక్కాయి.

"ఊరుకోలేదు. అక్కడున్న తోటి జపాన్ వాళ్ళని వెంటబెట్టుకుని, తమ దేశం తరఫున అక్కడుండే కాన్సుల్ దగ్గరికి వెళ్ళాడు. గొడవపడి ఆ కాగితం రద్దు చేయించుకున్నాడు."

గొడవపడి అన్న మాట నాకు అమృతంలా అనిపించింది. ఆ శుక్రవారం సెలవు పూటంతా ఆ మనిషి గురించి దొరికిందల్లా చదివాను. తాగి తందనాలాడిన రోజులున్నాయి, మాస్టరు ఉద్యోగాలున్నాయి, బ్యాంకు పెద్దరికం ఉంది, దేశపు ఖజానా ఎన్నోసార్లు చేతికి రావడం ఉంది, చివరికి వచ్చిన చావు ఉంది. ఒక మనిషికి ఇంత బతుకు ఎలా పట్టిందా అనుకున్నాను.

ఇదే కథని జపాన్ పెద్దాయన ఒకసారి మీటింగులో మర్యాదకి మా మేనేజరుకి రెండు ముక్కల్లో చెప్పాడు. మేనేజరు మురిసిపోయాడు. పక్కన మా హెచ్.ఆర్. ఆఫీసరు ఉన్నాడు. వాడు తెలుగువాడే, మాకు కృష్ణకి అవతలి ఒడ్డువాడు, మాటకి ముందు బ్రదర్ అంటాడు, మాట తర్వాత గురూ అంటాడు. వారం తిరక్కుండా ఆ బ్యానర్ వేయించాడు. మంచి వంకాయ చేతిలో పెడితే, దానిలో పుచ్చు ముక్క ఒక్కటే ఏరుకుని కూరొండినట్టుంది వాడు చేసిన పని. చిన్నతనంలో పరాయిదేశం వెళ్ళాడు, కూలిపని చేశాడు, ఓపిక పట్టాడు, ఎవరినీ ఏమీ అనలేదు, అందుకే అంతటివాడయ్యాడు. ఇదీ వాడి కథ. కాన్సుల్ లేడు. గొడవ లేదు. రద్దు లేదు. అమ్మేశారన్న ముక్క కూడా "కష్టపడ్డాడు"లో కలిసిపోయింది.

"ఇలా ఎవరు చెప్పారయ్యా నీకు?" అని అడిగితే, "మనవాళ్ళకి మోటివేషన్ కావాలి గురూ, హిస్టరీ ఎందుకు?" అన్నాడు. నేను ఆ రోజు పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను. బ్యానరే కదా, గాలికి చిరిగిపోతుందిలే అనుకున్నాను.

మా స్టీలు గుంపులో నలభై ఏళ్ళ మనిషి ఒకడుండేవాడు. జగిత్యాల దగ్గర పల్లె. గుంపులో అందర్నీ నవ్వించేది వాడే. హెచ్.ఆర్. ఆఫీసరు నడకని అనుకరించి, చేతిలో లేని ల్యాప్‌టాప్ పట్టుకుని, "బ్రదర్ బ్రదర్" అంటూ కడ్డీల మధ్య తిరిగేవాడు. ఒకరోజు శ్లాబు మీద స్టీలు చూస్తుంటే వాడికి వీడియో కాల్ వచ్చింది. అటువైపు ఒక ఆడమనిషి మొహం, పాలిపోయి, పెదవులు తెల్లగా. రెండు మాటలు మాట్లాడి పెట్టేశాడు. నేను చూశానని వాడికి తెలిసింది.

"ఏంది సారూ, గట్ల జూస్తున్నరు? మా ఇంటామె."

"ఒంట్లో బాగోలేదా?"

"గర్భసంచి తీసెయ్యాలన్నరు సారూ, కరీంనగర్ల. రెండుసార్లు తారీకు పెట్టిచ్చుకున్నది, రెండుసార్లు నేనే వోకపోతి. నువ్వు లేంది నేను ఆపరేషన్ బల్లెక్క అంటది. రక్తం వోతనే ఉన్నది. ఇగ ఆలిస్యం జేస్తే మా మీదికి రావద్దని డాక్టరమ్మ గట్టిగనే జెప్పింది."

"మరి సెలవు?"

"అడిగిన. రెండుసార్లు అడిగిన. పని బాగున్నది, ఇప్పుడు కాదన్నరు. ఈసారి అడుగుడు లేదు సారూ. వచ్చే నెలల నా కాంట్రాక్టే అయిపోతది. అయినంక ఎవ్వడు ఆపుతడు? ఆ లెక్క జూస్కోనే తారీకు పెట్టిచ్చుకొమ్మని జెప్పిన."

నవ్వుతూనే చెప్పాడు. బైండింగ్ వైరు తిప్పుతున్న చెయ్యి మాత్రం ఆగలేదు. నాకు వాడి మీద కాదు, ఆ రెండుసార్లు "ఇప్పుడు కాదు" అన్న నోటి మీద కోపం వచ్చింది. ఆ నోరు హెచ్.ఆర్. ఆఫీసరుదని నాకు తెలుసు. ఆ నోటి మనిషి భార్యకి దమ్మాంలో మంచి ఆస్పత్రిలో పురుడొస్తే పది రోజులు సైటు మొహం చూడలేదు. పనేమీ ఆగలేదు.

ఒక విషయం చెప్పాలి. వెనకటి రోజుల్లో కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, ఒప్పుకుంటేగాని ఇక్కడి నుంచి మనిషి కదలడానికి వీల్లేదు. ఇప్పుడు మారింది. కాంట్రాక్టు గడువు అయిపోయాక, కొత్త కాంట్రాక్టుకి పనివాడు ఒప్పుకోకపోతే వాణ్ణి ఆపడం కష్టం. ఆ ఒప్పుకోవడం కూడా ఇప్పుడు కాగితం మీద కాదు, ఫోన్లో. ఆఫీసు వాళ్ళు కంప్యూటర్లో కొత్త కాంట్రాక్టు పెడతారు, పనివాడి ఫోనుకి ఒక నంబరు వస్తుంది, ఆ నంబరు ఎక్కించారంటే వాడు ఒప్పుకున్నట్టే.

మావాళ్ళకి ఆ నంబరంటే లెక్కేలేదు. ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, కట్టాలన్నా నంబరు, సిమ్ కార్డుకి నంబరు, ఆస్పత్రి కార్డుకి నంబరు. వచ్చినప్పుడల్లా ఆఫీసు వాళ్ళు "ఓటీపీ చెప్పు" అంటారు, మావాళ్ళు చెప్పేస్తారు. మూడో అంతస్తు మీద నిలబడి కిందున్న క్లర్కుకి వినపడేలా అరిచి చెప్పినవాళ్ళని నేను చూశాను. బ్యాంకు వాళ్ళు అడిగితే ఎవరికీ చెప్పకూడదని వాళ్ళకి తెలుసు. ఆఫీసు అడిగితే చెప్పకూడదని ఎవరికీ తెలియదు. ఆఫీసు అంటే అన్నం పెట్టే చోటు కదా.

బురైదాలో మా కంపెనీకి కొత్త పని దొరికింది. ఖర్జూరం తోటల పక్కన గోదాములు కట్టాలి. స్టీలు కట్టేవాళ్ళు కావాలి. ఇంటి నుంచి కొత్తవాళ్ళని తేవడం కంటే ఉన్నవాళ్ళని పట్టుకోవడం సుఖం.

ఆ పొద్దున టూల్‌బాక్స్ టాక్‌కి హెచ్.ఆర్. ఆఫీసరు తనే వచ్చాడు. వాడు ఎండలోకి వచ్చాడంటేనే నాకు అనుమానం వేయాల్సింది. నీళ్ళ కూలర్ పక్కన బల్ల వేయించి ల్యాప్‌టాప్ తెరిచి పెట్టాడు. మేనేజరు బొమ్మ పక్కన నిలబడి బ్యాంకు పెద్ద కథ ఎత్తుకున్నాడు. చిన్న పిల్లాడు, పరాయి దేశం, ఓపిక, పట్టుదల, పడినా లేవడం. చివర్న, "ఇప్పుడు హెచ్.ఆర్. మీ రికార్డులు అప్‌డేట్ చేస్తారు, ఫోనుకి వచ్చిన నంబరు చెప్పండి" అన్నాడు. గుంపులు విడిపోయాయి. నేను నా గుంపు దగ్గరికి వెళ్ళేముందు వాణ్ణి తెలుగులో అడిగాను.

"ఏం అప్‌డేట్ ఇది?"

"అబ్బే, రొటీన్ గురూ. బురైదా ట్రాన్స్‌ఫర్. చిన్న ఎక్స్‌టెన్షన్ ఉంటుంది."

"చిన్నదంటే ఎంత?"

"వన్ ఇయర్."

"సెలవు?"

"ఇయర్ అయ్యాకే. ఇప్పుడే వాళ్ళకి చెప్తే గోల చేస్తారు బ్రదర్. నువ్వు బొమ్మ కథ చెప్పెయ్, మిగతాది నేను చూసుకుంటా."

నేను మనిషిని కొట్టలేదు ఎప్పుడూ. ఆ క్షణాన నా చెయ్యి నా జేబులో ఉండటం వాడి అదృష్టం. ఒక మనిషిని చదవని కాగితం మీద సంతకం పెట్టించుకుని అమ్మేశారు. ఆ కథే చెప్పి, అదే నోటితో, అదే ఎండలో, మావాళ్ళ చేత చదవని సంతకం పెట్టించుకోవాలని చూస్తున్నాడు వీడు. సిగ్గుండాలి. కథ విన్నవాడికి కాకపోయినా చెప్పేవాడికన్నా ఉండాలి.

నా గుంపు ముందు నిలబడ్డాను. జగిత్యాల మనిషి ముందు వరసలో హెల్మెట్ చంకలో పెట్టుకుని ఉన్నాడు.

"ఇప్పుడు ఇంగ్లీషులో చెప్పిన కథలో ఒక ముక్క తగ్గింది. అది నేను చెప్తాను, వినండి. ఆ జపాన్ పిల్లోడు ఓపిక పట్టలేదు. వాడి చేత కాగితం మీద సంతకం పెట్టించుకుని వాణ్ణి అమ్మేశారు. వాడికి ఆ భాష రాదు, చదవలేకపోయాడు. అందులో వాడి తప్పేమీ లేదు, పెట్టించుకున్నవాళ్ళదే తప్పు. తెలిసిన రోజున మాత్రం ఊరుకోలేదు. తనవాళ్ళని నలుగుర్ని కూడగట్టుకుని కాన్సుల్ దగ్గరికి వెళ్ళి గొడవ పడ్డాడు. ఆ కాగితం పోయింది. వాడు ఇంటికి పోయాడు. బ్యాంకు అధిపతి అయింది ఆ తర్వాత."

దూరంగా హిందీ గుంపులో ఫోర్‌మన్ గొంతు వినిపిస్తోంది.

"మీ ఫోనుకి ఇప్పుడొచ్చే నంబరు కూడా సంతకమే. చెబితే బురైదాలో ఇంకో ఏడాది పనికి ఒప్పుకున్నట్టు. ఆ ఏడాది సెలవు లేదు. ఉండాలనుకున్నవాళ్ళు నిక్షేపంగా చెప్పండి, తప్పేం లేదు. ఇష్టం లేనివాళ్ళు చెప్పొద్దు. ఇంతే."

బల్ల దగ్గర వరస కట్టారు. జగిత్యాల మనిషే ముందు నిలబడ్డాడు. వాడి ఫోను కిర్రుమంది.

"నంబర్ చెప్పు" అన్నాడు హెచ్.ఆర్., తల ఎత్తకుండానే.

"ఏం నంబరు సారూ?"

"మెసేజ్ వచ్చిందిగా."

"వచ్చింది. మీ డబ్బాల ఏం రాసున్నదో జర సదివి జెప్పుండ్రి. వింట."

"టైమ్ లేదు బ్రదర్, వెనక ఎంతమంది ఉన్నారో చూడు."

"నాకైతే మస్తు టైమున్నది సారూ. వచ్చే నెల దాంక ఉన్నది."

వెనక వరసలో నవ్వులు. వాడు ఆ బల్ల మీద రెండు చేతులు ఆనించి కదలకుండా నిలబడ్డాడు. హెచ్.ఆర్. నా వైపు చూశాడు. నేను వాడి వైపే చూస్తున్నాను. చివరికి ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని చదవడం మొదలుపెట్టాడు. పని చోటు బురైదా. గడువు సంవత్సరం. సెలవు సంవత్సరం తర్వాత, కంపెనీ వీలునిబట్టి. చదివేకొద్దీ గొంతు చిన్నదైపోయింది. "కంపెనీ వీలునిబట్టి" అన్న ముక్క నాకు కూడా అప్పుడే తెలిసింది.

"వద్దు సారూ" అన్నాడు వాడు. "నేను ఇంటికి వోత." ఫోను జేబులో పెట్టుకుని పక్కకి జరిగాడు. నంబరు గడువు దాటి అదే పోయింది.

వెనకున్నవాళ్ళలో ఒక్కరు కూడా చదివించుకోకుండా నంబరు చెప్పలేదు. చదివించుకున్నాక కొంతమంది చెప్పారు. వాళ్ళ అవసరాలు వాళ్ళవి, తెలిసి ఒప్పుకున్నారు, దాని మీద నాకేం కోపం లేదు. పాకిస్తాన్ ఫోర్‌మన్ నా భుజం పట్టుకుని, మావాళ్ళకి ఏం చెప్పానో తెలుసుకోవాలని, "క్యా బోలా తుమ్‌నే ఇన్‌కో?" అని అడిగాడు. చెప్పాను. గడ్డం నిమురుకుంటూ తన గుంపు దగ్గరికి మళ్ళీ వెళ్ళాడు.

మధ్యాహ్నం ఆఫీసు గదిలో హెచ్.ఆర్.కీ నాకూ బాగా గొడవ అయింది.

"నువ్వు ట్రాన్స్‌లేటర్‌వి. చెప్పింది చెప్పాలి, అంతే" అన్నాడు.

"చెప్పింది చెప్పాను. నువ్వు మింగేసింది కూడా చెప్పాను."

"ఆయన లేబర్ నుంచి గవర్నర్ అయ్యాడు. అది నిజమా కాదా?"

"అమ్మినందుకు అయ్యాడా? అమ్మినవాళ్ళ చేతిలోంచి బయటపడ్డందుకు అయ్యాడా? అది చెప్పు ముందు. పిల్లాణ్ణి నూతిలోకి తోసి, పైకొస్తే చూశావా నా వల్ల ఈత వచ్చిందని చెప్పుకునే రకం నువ్వు."

"నీకేం పోయింది గురూ? నీ లీవు నీకొస్తుందిగా. ఫ్యామిలీని తెచ్చుకునే స్టేటస్ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. వాళ్ళ గొడవ నీకెందుకు?"

నిజానికి అన్నింటికంటే నన్ను కాల్చింది ఆ మాట. అది అబద్ధమైతే అంత కాలేది కాదు. నేను అడిగితే సెలవు వస్తుంది. నా భార్యకి ఒంట్లో బాగోకపోతే మర్నాటి విమానంలో ఉంటాను. జగిత్యాల మనిషీ నేనూ ఒకే కంపెనీ, ఒకే ఎండ, ఒకే భాష, కాని వాడి భార్య రక్తానికీ నా భార్య రక్తానికీ ఈ గదిలో రేటు వేరు. అది నాకు మామూలుగా అనిపించాలని వీడి కోరిక. నేను కుర్చీని కాలితో తన్ని బయటికి వచ్చేశాను. కుర్చీకి ఏం కాలేదు. నా కాలు వారం నొప్పి పెట్టింది.

ఆ వారం జపాన్ పెద్దాయన వచ్చినప్పుడు మేనేజరు ఆయన్ని బొమ్మ పక్కన నిలబడమన్నాడు, ఫొటోకి. నేను అప్పటికే జరిగింది చెప్పి ఉన్నాను. ఆయన బ్యానర్ని కిందినుంచి పైదాకా చూశాడు. "నేను మీటింగులో సగమే చెప్పాను, మర్యాదకోసం. చెప్పకుండా ఉండాల్సింది" అని నాతో మెల్లగా అని, హెల్మెట్ పెట్టుకుని రాయి చూడటానికి వెళ్ళిపోయాడు. మేనేజరు కెమెరా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

జగిత్యాల మనిషి కాంట్రాక్టు అయిపోయింది. దేశం దాటడానికి ఎగ్జిట్ వీసా కొట్టాల్సినవాళ్ళు కొట్టలేదు. టికెట్ దొరకడం లేదన్నారు. సిస్టమ్ పనిచెయ్యడం లేదన్నారు. అక్కడ కరీంనగర్‌లో ఆపరేషన్‌కి మళ్ళీ తారీకు పెట్టించుకున్నారు. మూడోసారి. ఈసారి తప్పితే ఇక చెయ్యనని డాక్టరమ్మ అనేసిందట. వాడు రోజూ భోజనాల వేళ హెచ్.ఆర్. తలుపు ముందు నిలబడేవాడు. మొదట్లో నవ్వుతూ. తర్వాత నవ్వు లేకుండా. తర్వాత గుంపులో వాళ్ళు కూడా టిఫిన్ డబ్బాలు పట్టుకుని వచ్చి వాడి పక్కన నిలబడి అక్కడే తినడం మొదలుపెట్టారు. ఎవరూ ఏమీ అనరు. అన్నం తింటారు, అంతే. హెచ్.ఆర్. తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకునేవాడు.

ఒకరోజు నేను అటు వెళుతుంటే వాడు గొంతు పెంచి అడిగాడు, తలుపు అవతలికి వినపడాలనే.

"సారూ, మన ఎంబసీ సార్లు శుక్రవారం దమ్మాంల కూసుంటరంట గదా?"

"అవును, ఈ శుక్రవారం ఉంది."

"మేమందరం ఒక బండి మాట్లాడుకుంటం సారూ. ఆ బ్యాంకాయన కాన్సుల్ తానికి వోయిండు గదా, గట్లనే. ఏం జెప్పాల్నో మీరు జర రాసియ్యుండ్రి."

"రాయడం ఎందుకు, నేనే వస్తాను. నా బండిలో పోదాం" అన్నాను, వాడికంటే గట్టిగా.

ఆ సాయంత్రానికల్లా టికెట్ దొరికింది. సిస్టమ్ కూడా బాగుపడింది. ఇన్నాళ్ళూ ఏమైందని ఎవరూ అడగలేదు. నేను అడిగాను. మర్నాటి నుంచి తెలుగు గుంపుకి హెచ్.ఆర్. తనే స్వయంగా చెబుతాడని, నేను టూల్‌బాక్స్ టాక్‌కి రానక్కర్లేదని మేనేజరు నుంచి మెయిల్ వచ్చింది. మంచిదన్నాను. లోపల మాత్రం కుతకుతలాడిపోయాను.

వాణ్ణి దమ్మాం విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఇసుక గాలి, కంచె అవతల ఒంటెలు. వాడు ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్నాడు. సగం దారిలో అడిగాడు.

"ఆఖరికి ఏమాయె సారూ, ఆ బ్యాంకాయన?"

నేను బండి వేగం కాస్త తగ్గించాను. తర్వాత చెప్పాను. ముసలితనంలో కూడా దేశపు ఖజానా ఆయన చేతిలోనే ఉండేదని, సైన్యం వాళ్ళు ఇంకా ఇంకా కావాలంటే ఇవ్వనన్నాడని, ఒక మంచు కురిసిన తెల్లవారుజామున సైనికులు ఇంట్లోకి వచ్చి పక్క మీదే చంపేశారని.

వాడు కిటికీలోంచి బయటికి చూశాడు. "పడుకున్నోన్ని."

"అవును."

"మరి ఆ పటం మీద గా ముచ్చట లేకపాయె."

"దాని మీద ఏదీ లేదు."

"అంటే ఆయన రెండుసార్లు కాదన్నడు" అన్నాడు. "ఒకపాలి ఇల్లు జేరిండు. ఒకపాలి పాణం వాయె." విమానాశ్రయం దగ్గర దిగి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "కోపం జర తగ్గించుకోండ్రి సారూ, బీపీ వస్తది" అని లోపలికి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి పొద్దున్నే సైటు గేటు లోపలికి వస్తుండగా ఫోనుకి వాడి గొంతు వచ్చింది, రికార్డు చేసిన మెసేజ్. సైటులో ఓ పక్కన హెచ్.ఆర్. తెలుగు గుంపుకి ఏదో చెబుతున్నాడు. బొమ్మ గాలికి ఊగుతోంది, అప్పటికీ చిరగలేదు. నేను హెల్మెట్ల కొక్కేల దగ్గర నిలబడి ఫోను చెవికి పెట్టుకున్నాను.

"సారూ, ఆపరేషన్ అయ్యింది. మంచిగున్నది. లోపలికి దీస్కవోయేటప్పుడు కాయితం దెచ్చి సంతకం బెట్టుమన్నరు సారూ. నేను సదివి జెప్పుండ్రన్న. నర్సమ్మకు కోపమొచ్చింది, అందరు ఊకెనే వెడ్తరు నీకేమాయె అన్నది. మా ఇంటామె గూడ స్ట్రెచర్ బండి మీద పండుకోని, వెట్టరాదుండ్రి అని లొల్లి. నేను ఇనలే. మొత్తం సదివిచ్చుకున్న సారూ. గప్పుడు వెట్టిన."